మరుపు గడువు

ఇటు జరగండి, ఇంకాస్త దగ్గరికి. ఆ మూల గుసగుసలాడుకుంటున్న ఇద్దరూ మీ మాటలు రేపటికి దాచుకోండి, పాచిపోవు. తుమ్మొచ్చేవాళ్ళు ఇప్పుడే తుమ్మేయండి. దగ్గొచ్చేవాళ్ళు బయటికెళ్ళి దగ్గి రండి. కథ మధ్యలో ఎవరైనా తలుపు తట్టినా మాత్రం లేవకండి, ఎందుకంటే ఇది తలుపు కథ. ఇది విన్నాక ఇంటికెళ్ళి, గడియ వేశామో లేదో రెండోసారి లేచి చూసుకోనివాళ్ళు ఉంటే రేపొచ్చి నా చెవి మెలిపెట్టండి.

అనగనగా ఒక పెద్దాసుపత్రి. దాని నేలమాళిగలో ఒక గది. ఆ గదిలో ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ పెత్తందారు లాంటి పెద్ద కంప్యూటర్, సర్వరు. అక్కడ ఏసీ చలి ఎంతంటే, లోపలికొచ్చిన దోమ కుట్టడం మానేసి దుప్పటి అడిగేది. ఫ్యాన్ల హోరు ఎంతంటే, ఆ గదిలో ఒకసారి ఇద్దరు పోట్లాడుకుని, ఎవరేం తిట్టారో వినపడక నవ్వుకుంటూ బయటికొచ్చారు. ఆ సర్వరుని చూసుకునే ఆవిడని డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరూ సర్వరక్క అనేవాళ్ళు.

సర్వరక్కకి వెనకా ముందూ ఉన్నది ఒక్క చెల్లెలు. తల్లి పోయాక జడేసి, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచింది. చెల్లెలు అదే ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు ఒక చేతిలో సంచీతో, రెండో చేతి వేళ్ళకి కట్టుతో అక్క ఇంటికొచ్చి నిలబడింది.

"ఏమైందే చేతికి?"

"తలుపులో పడిందక్కా."

"పడిందా, పెట్టాడా?"

చెల్లెలు సంచీ కింద పెట్టి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించింది. సర్వరక్క ఇంకోసారి అడగలేదు. ఆ రోజు నుంచి చెల్లెలు అక్క దగ్గరే.

మరిది, అంటే ఆ చెల్లెలి మొగుడు, గొంతెత్తి ఎరగడు. ఎదురుపడితే "బాగున్నారా వదినా" అని నడుం వంచేవాడు. ఇరుగుపొరుగువాళ్ళు వాళ్ళింటి కొడుకులకి అతన్ని చూపించి బుద్ధి చెప్పేవాళ్ళు. తేనె పూసిన కత్తి అంటారే, అలాంటివాడు. తేనె లోకానికీ, కత్తి ఇంట్లో మనిషికీ. భార్య ఫోను ఆమె చేతిలో కంటే అతని చేతిలోనే ఎక్కువుండేది. "మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేంటే" అని ఆసుపత్రి పాస్‌వర్డుతో సహా అన్నీ అడిగి పెట్టుకున్నాడు.

అందుకే చెల్లెలు వచ్చిన మర్నాడు పొద్దున డ్యూటీకి రాగానే సర్వరక్క చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాస్‌వర్డు మార్పించింది. "ఇక నీ గుమ్మం వాడికి మూసేసినట్టే" అని వీపు తట్టి పంపింది. హెడ్ నర్సుకి కూడా సంగతంతా చెప్పి ఉంచింది.

ఇక్కడ మీకో ముక్క చెప్పాలి. ఆ ఆసుపత్రిలో ఎవరు ఏ పేజీ తెరవాలన్నా పేరూ పాస్‌వర్డూ చెప్పాలి. చెప్పగానే సర్వరు ఊరికే నమ్మదు. అందరి పాస్‌వర్డులూ దాచుకున్న ముసలి పెట్టె ఒకటి వెనకుంది. దాన్ని అడుగుతుంది, "ఈవిడ మన మనిషేనా?" అని. ఆ ముసలిది ఎంత నిదానమంటే, నత్త కూడా దాన్ని చూసి విసుక్కునేది. దగ్గుకుంటూ, తడుముకుంటూ, చివరికి "ఆఁ, మనమ్మాయే" అంటుంది. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. ఒకసారి అడిగాక సర్వరు ఆ మనిషినీ, ఆమె చెప్పిన పాస్‌వర్డునీ ఐదు నిమిషాలు గుర్తుపెట్టుకుంటుంది. అది దాటితే మళ్ళీ ముసలిదాన్ని లేపాల్సిందే.

నర్సులు ఆ ఆలస్యానికి విసిగిపోయారు. హెడ్ నర్సయితే ఫోన్ చేసి మరీ దెప్పేది. "సర్వరక్కా, తెర మీద నీ చక్రం తిరగడం అయ్యేలోపు మా పేషెంటుకి జ్వరం తగ్గి, ఇంటికెళ్ళి, మనవల్ని ఎత్తుకుంటున్నాడు. ఏమన్నా చెయ్యి తల్లీ."

సర్వరక్క చేసింది. కిందటి వారమే ఒక అంకె మార్చింది. ఐదు నిమిషాలు గుర్తుపెట్టుకునేదాన్ని ఒక రోజంతా గుర్తుపెట్టుకోమంది. అంతే, పేజీలు పరుగులు తీశాయి. క్యాంటీన్లో సర్వరక్క టీకి డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని పోటీ పడ్డారు. హెడ్ నర్సు కూడా "నీ నోట్లో చక్కెర పొయ్య" అంది. ఎక్కువసేపు గుర్తుంచుకునేవాళ్ళకి మరిచిపోవాల్సినవి కూడా గుర్తుంటాయన్న సంగతి ఆ టీ వేడిలో ఎవరికీ తట్టలేదు.

మధ్యాహ్నమైంది. సందర్శకుల్ని లోపలికి వదిలే వేళ. సర్వరక్క ఫోను కుయ్యిమంది. మరిది మెసేజి.

"వదినా, మా ఆవిడని ఇవాళ పిల్లల వార్డు నుంచి కిందకి, బట్టల గదికి మార్చారటగా. పాపం, కింద చలి ఎక్కువ. స్వెట్టరు తెస్తున్నాను."

సర్వరక్క చేతిలో ఫోను మంచుగడ్డయింది. నలుగురి కంట పడకుండా ఉంటుందని హెడ్ నర్సు చెల్లెల్ని బట్టల గదికి మార్చి ఇంకా అన్నం అరిగేంత సేపు కూడా కాలేదు. ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. వాళ్ళు కాక డ్యూటీ చార్టు పేజీకి తెలుసు.

బట్టల గది అదే నేలమాళిగలో, నడవకి ఆ చివర. సర్వరక్క ఫోన్ చేయగానే చెల్లెలు పరుగున వచ్చేసింది. నడవ మధ్యలో ఎక్స్‌రే గది ముందు, కాలికి కట్టుతో చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన కూర్చునున్నాడు. వచ్చేపోయేవాళ్ళందర్నీ పలకరించడం ఆయనకి మందు కంటే ముఖ్యం. "ఏం సిస్టరమ్మా, అంత తొందరేంటి, ఎవరికన్నా కవలలా?" అన్నాడు. చెల్లెలు పలక్కుండా సర్వరు గదిలోకి దూరింది. సర్వరక్క లోపల గడియ పెట్టేసింది.

"ఎవరికన్నా చెప్పావా?"

"ఎవరికి చెప్తానక్కా? నువ్వు చెప్పావేమో."

"నేనెందుకు చెప్తానే?"

అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే కంచంలో తిన్నవాళ్ళు, ఆ ఒక్క క్షణం ఒకర్నొకరు అనుమానించుకున్నారు. భయమంటే అదీ. ముందు బయటివాణ్ణి కాదు, పక్కవాళ్ళని అనుమానించేలా చేస్తుంది.

ఆ చలికి కాస్త వెచ్చగా ఉంటుందని సర్వరక్క ఫ్లాస్కులో టీ కప్పులో పోసి చెల్లెలి చేతికిచ్చింది. చెల్లెలు కట్టున్న చెయ్యీ, కట్టు లేని చెయ్యీ రెండూ కలిపి కప్పు పట్టుకుంది. సర్వరక్క తెర వైపు తిరిగింది. ఎవరు ఏ పేజీ తెరుస్తున్నారో ఒక్కో వరుసగా ఆ తెర మీద పైకి జారుతుంటుంది.

అందులో చెల్లెలి పేరు కనబడింది.

డ్యూటీ చార్టు తెరిచింది. కాసేపాగి ఆసుపత్రి గదుల పటం తెరిచింది. మళ్ళీ డ్యూటీ చార్టు.

సర్వరక్క మెల్లగా తల తిప్పి చూసింది. చెల్లెలు ఎదురుగానే ఉంది. రెండు చేతులూ కప్పు చుట్టూ ఉన్నాయి. ఫోను జేబులో ఉంది. తెర మీద మాత్రం చెల్లెలి పేరు ఇంకో పేజీ తెరిచింది. నేలమాళిగకి ఏ లిఫ్టు వెళ్తుందో చూపించే పేజీ.

"నువ్విక్కడే ఉన్నావు కదే" అంది సర్వరక్క. తన గొంతు తనకే ఎక్కణ్ణుంచో వినపడింది. "మరి ఆ తిరిగేదెవరు?"

అప్పుడు తట్టింది ఆవిడకి. పొద్దున పాస్‌వర్డు మార్చింది నిజమే. ముసలి పెట్టెకి కొత్తది తెలుసు. కానీ మరిది అంతకంటే ముందే, తెల్లారగానే, పాతదానితో ఒకసారి లోపలికొచ్చి ఉన్నాడు. సర్వరు ఆ పాతదాన్ని గుర్తుపెట్టుకుంది. రేపు తెల్లారేదాకా ముసలిదాన్ని అడగదు. కొత్తది చెప్పినా తలుపు తీస్తుంది, పాతది చెప్పినా తీస్తుంది. ఆ తలుపుకి అంత జ్ఞాపకశక్తి పోసింది ఎవరో కాదు, తనే.

"ఇదంతా నా నిర్వాకమే చెల్లీ" అని రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. చెల్లెలు కుర్చీ తిప్పుకుని తనూ తెర వైపు చూసింది.

సర్వరక్క అంకె మార్చేసింది. రోజుని తిరిగి ఐదు నిమిషాలు చేసింది. తెర మీద చెల్లెలి పేరు ఆగలేదు. సర్వరు మాట మీద నిలబడే రకం. కొత్త గడువు కొత్తగా వచ్చినవాళ్ళకే, పాతవాళ్ళకి ఇచ్చిన మాట పాతదే. ఆ మాట మరిపించాలంటే ఒకటే దారి, దాన్ని ఆపి మళ్ళీ లేపాలి. లేపితే అందర్నీ మరిచిపోతుంది. డాక్టర్లూ నర్సులూ అందరూ ఒక్కసారే ముసలి పెట్టె మీద పడతారు. దానికి ఊపిరాడదు. ఆసుపత్రిలో ఒక్క పేజీ తెరుచుకోదు.

హెడ్ నర్సుకి ఫోన్ చేసింది.

"ఇప్పుడా?" అంది హెడ్ నర్సు. దెప్పే గొంతు కాదది. "అన్ని వార్డుల్లో మందులేస్తున్నాం అక్కా. ఎవరికెంత వెయ్యాలో ఆ పేజీలోనే చూసుకోవాలి. ఒక్క ప్రాణానికి తేడా వస్తే నువ్వూ నేనూ బతికున్నంత కాలం నిద్రపోం. ఈ విడత అయిపోనీ, నేనే చెప్తాను."

సర్వరక్క గేటుకి ఫోన్ చేసింది.

"చీమల పుట్టలా ఉందక్కా ఇక్కడ" అన్నాడు గేటు మనిషి. "పైగా అందరికీ మాస్కులే. మీ మరిదిని మాస్కు తీసేసి రమ్మని చెప్పండి, వెంటనే పట్టుకుంటాను."

ఇక ఆగలేకపోయింది సర్వరక్క. సర్వరుని ఆపే మీట మీద వేలు పెట్టింది. మందుల సంగతి తర్వాత, ముందు వీణ్ణి ఆపాలి అనుకుంది. చెల్లెలు లేచి ఆ చెయ్యి పట్టుకుంది. చేతి కట్టు గరుకుగా తగిలింది.

"ఆపకక్కా. పైన మందులేస్తున్నారు. అదీకాక, ఇప్పుడాపితే ఆయనకి పేజీ తెరుచుకోదు. మనకి తెలిసిపోయిందని తెలిసిపోతుంది. అప్పుడు ముందు తట్టేది నీ తలుపే."

అంతలో నడవ చివర లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

అడుగులు. తొందర లేని అడుగులు. ఫ్యాన్ల హోరులో పోట్లాట వినపడని గదిలో, ఆ అడుగులు మాత్రం గుండెల మీద పడ్డట్టు వినపడ్డాయి. గది ముందు నుంచే వెళ్ళాయి. తలుపు కింది సందులో నీడ ఒకటి ఇటునుంచి అటు కదిలింది. దూరంగా బట్టల గది తలుపు తెరిచిన చప్పుడు. బట్టల బండ్లు జరిపిన చప్పుడు. ఒక్కొక్కటీ ఓపిగ్గా జరుపుతున్నాడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. చెల్లెలు అక్క చెవి దగ్గర నోరు పెట్టింది.

"నేను ఎదురుగా నిలబడి డ్యూటీ అయిపోయిందన్నా ఆయన ఏ రోజూ నమ్మలేదక్కా. ఆ పేజీ తెరిచి చూసుకుంటేనే నమ్మేవాడు. నన్ను కాదు, దాన్నే నమ్ముతాడు."

సర్వరక్క చెల్లెలి కళ్ళలోకి చూసింది. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. సర్వరక్క వెంటనే హెడ్ నర్సుకి మెసేజి కొట్టింది. "చెల్లి డ్యూటీ మార్చు. పై అంతస్తు, అంటురోగాల వార్డు. ఇప్పుడే. గేటువాళ్ళని అక్కడికి పంపు."

ఆ వార్డు ఆ రోజు రోగుల్లేక ఖాళీ. దానికి రెండు తలుపులు, మధ్యలో మనిషి నిలబడేంత గది. బయటి తలుపు ఎవరు తోసినా తెరుచుకుంటుంది. వాళ్ళు లోపలికెళ్ళగానే దానంతటదే మూసుకుంటుంది. ఆ తర్వాత ఏ తలుపైనా నర్సుల గదిలో మీట నొక్కితేనే తెరుచుకుంటుంది.

అడుగులు వెనక్కొచ్చాయి. ఎక్స్‌రే గది ముందు ఆగాయి. అక్కాచెల్లెళ్ళు తలుపు సందుకి చెవులు ఆనించారు.

"ఎవరి కోసం బాబూ?" కట్టుకాలి పెద్దాయన గొంతు.

"మా ఆవిడ కోసమండీ. ఇక్కడే నర్సు. చలికి తట్టుకోలేదు, స్వెట్టరు తెచ్చాను."

"ఎంత అదృష్టవంతురాలయ్యా. మా ఇంట్లో అయితే నాకు చలేస్తోందంటే, నడిచి రండి అదే తగ్గుతుందంటుంది." పెద్దాయన నవ్వాడు. "నర్సా? ఇందాక ఒక సిస్టరమ్మ పరిగెత్తుకుంటూ వెళ్ళింది. చేతికి కట్టుంది. ఆవిడేనా?"

గదిలో చెల్లెలి కప్పు జారింది. సర్వరక్క ఒడిసి పట్టింది. టీ మొత్తం ఒళ్ళో పడింది, కాలింది, కిక్కురుమనలేదు.

"ఆవిడేనండీ" అంది తేనె గొంతు. "ఎటు వెళ్ళింది?"

"అదిగో, ఆ తలుపే. లోపలికెళ్ళి గడియేసుకుంది. నా రెండు కళ్ళతో చూశాను."

అడుగులు దగ్గరికొచ్చాయి. నీడ తలుపు కిందికొచ్చి ఆగింది. తలుపు పిడి మెల్లగా కిందికి దిగింది, మళ్ళీ మెల్లగా పైకి లేచింది. చెల్లెలు కళ్ళు గట్టిగా మూసుకుంది. సర్వరక్క మూసుకోలేదు. తెర వైపు చూస్తోంది. ఒక్కసారి చూసుకో నాయనా, ఒక్కసారి తెరిచి చూసుకో, అని దేవుణ్ణి కూడా ఎప్పుడూ అలా వేడుకోలేదు.

తెర మీద చెల్లెలి పేరు కదిలింది. డ్యూటీ చార్టు తెరిచింది.

తలుపు అవతల చాలాసేపు చడీచప్పుడు లేదు. అప్పుడు మరిది నవ్వాడు, చిన్నగా.

"లేదు పెద్దాయనా. పై అంతస్తులో ఉంది. ఇందులో రాసుంది."

"నేను చూశానయ్యా బాబూ."

"మీకు కళ్ళు మసకలండీ" అన్నాడు మరిది, ఎంతో మర్యాదగా. నీడ తలుపు కింది నుంచి జరిగిపోయింది. అడుగులు లిఫ్టు దాకా వెళ్ళాయి.

మనిషి మాట ఏనాడూ నమ్మనివాడు, చివరికి కళ్ళారా చూసినవాడి మాట కూడా నమ్మలేదు. అదే వాడి కొంప ముంచింది. లిఫ్టు పైకెళ్ళింది. అంటురోగాల వార్డు బయటి తలుపు తోశాడు. అది వెనక మూసుకుంది. ముందుది తెరుచుకోలేదు. గేటు మనుషులు అద్దంలోంచి చూస్తుంటే, వాడు తలుపు మీద కొట్టలేదు, అరవలేదు. ఫోను తీసి ఆ పేజీనే మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకున్నాడట. పోలీసులొచ్చి బయటికి తెచ్చి స్వెట్టరు మడత విప్పితే, అందులోంచి కత్తి జారి పడింది. చెల్లెలు వాళ్ళింట్లో రోజూ కూరలు తరిగే కత్తే.

ఆ మాట ఫోనులో హెడ్ నర్సు చెప్పింది. చెల్లెలు ఫోను దగ్గరికి వంగి అడిగింది. "వాడు నిజంగా తలుపు లోపలే ఉన్నాడా?" ఆయన అనడం మానేసింది. ఆ సంగతి తనకి తెలిసిందో లేదో.

హెడ్ నర్సు చెప్పింది, "మందులయ్యాయి అక్కా. కానివ్వు." సర్వరక్క సర్వరుని ఆపి మళ్ళీ లేపింది. అది అందర్నీ మరిచిపోయింది. డాక్టర్లనీ, నర్సుల్నీ, చెల్లెల్నీ, చెల్లెలి పేరుతో తిరిగినవాణ్ణీ. ఆసుపత్రి మొత్తం ముసలి పెట్టె మీద పడింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "సర్వరక్కా, నీ సర్వరుకి పక్షవాతమొచ్చిందా" అని ఒకరు, "నీ చక్కెర వెనక్కిచ్చెయ్" అని ఒకరు. సర్వరక్క అందరికీ ఒకటే చెప్పింది. "ఇక ఐదు నిమిషాలే. తిట్టుకోండి. పెంచను."

చెల్లెలు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడది నన్ను కూడా మరిచిపోయిందా?"

"మరిచిపోయింది."

"మళ్ళీ నేనెవరో చెప్పుకోవాలా?"

"ఐదు నిమిషాలకోసారి చెప్పుకోవాలే. విసుగే."

"చెప్పుకుంటాలే" అంది చెల్లెలు. కట్టున్న చేతితోనే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, కొత్త పాస్‌వర్డు కొట్టింది. చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ తిరగడాన్ని దీపాన్ని చూసినట్టు చూస్తూ కూర్చున్నారు.

తర్వాత గడియ తీశారు. తీసేముందు సర్వరక్క తలుపుకి చెవి ఆనించి విన్నది. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా, ఇప్పటికీ అలాగే వింటుందట.

బయట కట్టుకాలి పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. జరిగిందంతా గేటు మనిషి నోట విన్నాడు. తన నోటితో ఎంత పని జరగబోయిందో తెలిసి మొహం పాలిపోయింది. చెల్లెలికి చేతులు జోడించాడు. తర్వాత కాసేపు కిందా మీదా చూసి, సర్వరక్కని దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, ఎవరు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో మీరు అంకె మార్చేస్తారటగా. నేను పక్కింటి జామకాయల కోసం గోడెక్కి కాలు విరగ్గొట్టుకున్న సంగతి మా ఆవిడ పొద్దస్తమానం గుర్తుచేస్తోంది. ఆవిడకి కూడా ఐదు నిమిషాలు పెడతారా?"